సొరుగుల ఉండిపోయిన ట్రాక్టర్ ఫైలు

పటాన్‌చెరు బస్టాండ్ కాడ నాకొక చిన్న దుకాణం ఉన్నది. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, బండ్ల కాయిదాలు. లైసెన్స్ రెన్యువల్ కావాలన్నా, బండి పేరు మార్పియ్యాలన్నా కంపెనీలకు పోయేటోళ్ళు, చుట్టుపక్క ఊర్లోళ్ళు నా దగ్గరికే వస్తరు. పొద్దుగాల బీరంగూడల ఆటో ఎక్కి తొమ్మిదింటికి షట్టర్ లేపుత. నాకు ముక్కు మీదనే కోపం. మనిషి సగం మాట చెప్పంగనే మిగిలిన సగం నేనే చెప్పేస్త. "నువ్వు ఆగన్నా, నాకు తెల్సు" అనేది నా ఊతపదం. పదిహేనేండ్లు గట్లనే నడిచింది. "మేడంను అడుగు, వకీలు కంటె ఎక్కువ తెల్సు" అని జనం అనుకుంటుంటె నాకు కడుపు నిండినట్టుండేది. అబద్ధమెందుకు చెప్పాలె.

ఆ ట్రాక్టరాయన సంగతి మాత్రం ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే. మా ఆయనకు గూడ చెప్పలే. ఇయ్యాల సిగ్గు పక్కకు పెట్టి రాస్తున్న.

ఆయనకు యాభై దాటినయి. పటాన్‌చెరు పక్కనే ఉన్న పల్లె. తాత, తండ్రి ఇంకొకల పొలాలల్ల కూలి చేసి బతికినోళ్ళు. ఈయన మందుల కంపెనీల ఫిట్టర్. మొదటిసారి వచ్చిన్నాడే నన్ను "చెల్లె" అన్నడు. అందరు మేడం అంటుంటె ఈయనకేందీ చనువు అని నాకు జెర గుస్స గూడ వచ్చింది. పోను పోను అదే అలవాటైంది.

పక్కూరి రైతు ఒకాయన మూలకు పడేసిన పాత ట్రాక్టర్‌ను ఈయన కొనుక్కున్నడు. షిఫ్టు దిగంగనే దాని కిందికి దూరెటోడట. రెండేండ్లు తిప్పలు పడి దాన్ని నిలవెట్టిండు. దున్ననీకె కాదు, పందెం కోసం. బీదర్ దిక్కు కర్ణాటక ఊర్లల్ల జాతరలప్పుడు ట్రాక్టర్ల పందెం పెడ్తరు. మట్టి నింపిన ట్రాలీని వెనుక కట్టి, తడి నేలల ఎవరి ట్రాక్టర్ ఎక్కువ దూరం గుంజితె వాళ్ళు గెలిచినట్టు.

"మా ఇంట్ల ఇంకొకల ట్రాక్టర్ తోలినోళ్ళే గాని సొంతంది ఉన్నోడు లేడు చెల్లె. నాది అని ఒక్కసారి ఆ గడ్డ మీద గుంజాలె. గెలువకున్నా మంచిదే" అనెటోడు. అది చెప్పేటప్పుడు ఆయన మొఖం చూడాలె, పెండ్లి పిలగాని లెక్క ఉండేది.

ట్రాక్టర్‌ను తన పేరు మీదికి మార్పియ్యమని ఫైలు తెచ్చి నాకే ఇచ్చిండు. అమ్మినాయన సంతకాలు, ఈయన సంతకాలు, ఆధార్ జిరాక్సులు, ఇన్సూరెన్స్, అన్నీ ఒక పచ్చ అట్టల పెట్టి, పైన ముత్యాలసొంటి అక్షరాలతోని తన పేరు రాసి తెచ్చిండు. ఆ రోజు సర్వర్ డౌన్. "రేపు ఎక్కిస్త, నువ్వు పో అన్నా" అని సొరుగుల పడేసిన. తెల్లారి దాని మీద ఇంకో పది ఫైళ్ళు పడ్డయి. రసీదు గిసీదు నేను ఎవ్వరికీ ఇచ్చేదాన్ని కాదు. నా మాటే రసీదు అనుకునేదాన్ని.

నెల దాటినంక ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి వచ్చి అడిగిండు. రెండుసార్లూ సొరుగు తీసి చూడకుండనే "ప్రాసెస్‌ల ఉంది అన్నా" అన్న. మా దందాల గది పెద్ద మందు. ఆ మాట అంటె ఎవ్వరూ తిరిగి ప్రశ్న అడుగరు. ఆయన సుత అడుగలే.

జాతర ఇంకో నాలుగు రోజులుందనంగ పిలుపు కాయిదం పట్టుకొని ఉరుకొచ్చిండు. ట్రాక్టర్‌ను బార్డర్ దాటియ్యాలంటె ఏమేం కావాలె చెల్లె అన్నడు. ఇగ నాకు హుషారొచ్చింది. దుకాణంల ఇంకో నలుగురుంటె వాళ్ళకు గూడ వినవడేటట్టు చెప్పుడు మొదలువెట్టిన.

"రాసుకో అన్నా. పొలంల తిరిగే ట్రాక్టర్‌ను ఎవ్వరూ పర్మిట్ అడుగరు. పందెం కోసం రాష్ట్రం దాటుతున్నదంటె లెక్క వేరే. రోడ్డు మీద తోలుకపోకు, లారీ మీద ఎక్కియ్యి. లారీకి నేషనల్ పర్మిట్ ఉన్నదా చూడు. మన తెలంగాణ పర్మిటే ఉంటె కర్ణాటకకు టెంపరరీ పర్మిట్ తీయాలె. డ్రైవర్‌కు హెవీ లైసెన్స్, లారీకి పొల్యూషన్, ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్, ఏదీ తారీఖు దాటొద్దు. నాలుగు దిక్కుల గొలుసులు గుంజి కట్టు. ట్రాక్టర్ లారీ వెనుక తలుపు, గదే డాలా, దాటి బయటికి రావొద్దు. ముందట నువ్వు కట్టిన ఇనుప బరువులున్నయి చూడు, అవి విప్పి వేరే పెట్టుకపో, లేకుంటె బండిని మార్చినవు అని పట్టుకుంటరు. జాతరోళ్ళ పిలుపు కాయిదం జేబుల పెట్టుకో."

అంతా ఒక్క గుక్కల చెప్పిన. ఆయన ఒక్కొక్కటి రాసుకొని, పెన్ను ఆపి, "ఆర్‌సీల ఇంక పాతాయన పేరే ఉన్నది గదా చెల్లె, ఏమన్న అంటరా?" అని అడిగిండు.

అసలు అడగవలసిన మాట అదొక్కటే. అమ్మినాయన దగ్గర "ఈ బండిని ఈయన తీస్కపోవుడు నాకు ఇష్టమే" అని ఒక్క కాయిదం రాపిచ్చుకపోతె సరిపోయేది. నాకు ఆ సంగతి తెల్వక కాదు. కాని గది చెప్తె ఫైలు ఏడ దాకా వచ్చిందని మల్ల అడుగుతడు, చూడాలె, నలుగురి ముందట తేలిపోతుంది. "ఆన్‌లైన్ల ఎక్కింది అన్నా, పరేషాన్ గాకు. ఏమన్న అంటె నాకు ఫోన్ చేపియ్యి, నేను మాట్లాడ్త" అన్న. ఆయన నా నంబరు ఆ చిట్టి మీద అన్నిటికంటె పైన రాసుకున్నడు.

ముత్తంగి కాడ ట్రాక్టర్‌ను లారీ మీదికి ఎక్కిచ్చిన్నాడు పొద్దున ఫోన్ చేసిండు. "ఎక్కినం చెల్లె, బయలెల్లుతున్నం" అన్నడు. వెనుక నుంచి ఆయన భార్య కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినవడ్డది. గెలిచి రా అన్నా అని నేను గూడ మస్తు గట్టిగ అన్న.

మధ్యాహ్నం రెండింటికి, దుకాణం నిండ జనం ఉండంగ మల్ల ఆయన నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది మాత్రం ఆయన కాదు. బార్డర్ అవతల చెకింగ్ చేసే ఆఫీసర్. సగం హిందీ, సగం తెలుగు. ట్రాక్టర్ ఒకరి పేరు మీద ఉన్నది, తెచ్చినోడు ఇంకొకడు, ఓనర్ ఫోన్ బంద్ ఉన్నది, ట్రాన్స్‌ఫర్ ఫైల్ మీ దగ్గర ఇచ్చిన అంటున్నడు, నిజమేనా, జల్దీ చెప్పండి అన్నడు. ఆఫీసర్ వెనుక నుంచి ట్రాక్టరన్న గొంతు వినవడుతనే ఉన్నది: "చెల్లెనే సార్. ఆమెకు అన్నీ తెల్సు సార్."

నా చెయ్యి సొరుగు గుంజింది. అన్నిటి కింద పచ్చ అట్ట అంచు కనవడ్డది.

అప్పుడేమాలోచించిన్నో ఇప్పుడు చెప్తె ఎంత అల్పంగ ఉంటదో నాకు తెల్సు. ఫైళ్ళు తీసుకొని దాచిపెట్టుకున్న దుకాణాలను మూపిస్తరని ఆ వారమే బజార్ల ఒక మాట తిరుగుతున్నది. ఆ భయం కొంత. కాని అసలు సంగతి అది గాదు. ముందట ఆరుగురు నిలవడి నా మొఖమే చూస్తున్నరు. మేడం తప్పు చేసింది అని ఆ ఆరుగురికి తెలుసుడు నాకు ఇష్టం లేదు. అంతే.

"లేదు సార్. అసొంటి ఫైలు మా దగ్గరికి రాలే" అన్న.

ఫోన్ ఆయన చేతికి పోయింది. "చెల్లె, పచ్చ అట్ట చెల్లె... నీ చేతికే..." అన్నడు. నేను ఆగనియ్యలే. "ఇయ్యలేదన్నా నువ్వు. ఇస్త ఇస్త అన్నవు గాని ఇయ్యలే. మంచిగ యాది చేసుకో" అని పెట్టేసిన.

దుకాణంల లైన్ల నిలవడ్డ ఒకాయన "గిట్లనే ఉంటరు మేడం, ఇయ్యకనే ఇచ్చిన అంటరు" అన్నడు. నేను తల ఊపిన. ఊపిన! ఆ తలను తీసుకపోయి ఏ గోడకు కొట్టుకోవాల్నో ఇప్పటికీ తెల్వదు.

దొంగ బండేమో అని ట్రాక్టర్‌ను దింపి స్టేషన్ ఆవరణల పెట్టుకున్నరు. ఆయన దాని పక్కనే కూసున్నడట. అమ్మిన రైతు ఏదో పెండ్లికి పోయి మూడో రోజు దొరికిండు. ఆ రైతు పోయి "అమ్మింది నేనే" అని చెప్పినంక విడిచిపెట్టిన్రు. అప్పటికి జాతర అయిపోయింది. తడి నేల ఎండిపోయింది. ట్రాక్టర్ అదే లారీల వాపస్ వచ్చింది.

ఫోన్ వచ్చిన సాయంత్రమే నేను ఫైలు ఆన్‌లైన్ల ఎక్కియ్యొచ్చుండె. కాని నా దగ్గర లేదన్న ఫైలు నేనెట్ల ఎక్కిస్త? సంచిల వేసుకొని ఇంటికి తెచ్చి బీరువల చీరల కింద పెట్టిన. ఇంట్ల దొంగసొమ్ము పెట్టుకున్నట్టు ఉండేది.

ఆయన వస్తడు, తిడ్తడు, అందరి ముందట కడుగుతడు అని వారం రోజులు కాసుకున్న. ఏం సమాధానం చెప్పాల్నో గూడ తయారుచేసి పెట్టుకున్న, అంత బుద్ధిమంతురాలిని. ఆయన వచ్చిండు. తిట్టలే. బల్ల ముందట స్టూల్ మీద కూసొని, తన చేతులను తానే చూసుకుంటూ, "నేనే ఇయ్యలేనేమో చెల్లె" అన్నడు.

నేను బల్ల మీది కాయిదాలు సర్దుకుంట కూసున్న.

"ఇచ్చినట్టే యాదికున్నది. ఈ స్టూల్ మీద కూసున్నది, నువ్వు సర్వర్ లేదన్నది, అన్నీ యాదికున్నయి. కాని నువ్వు సదువుకున్నదానివి, నువ్వు లేదంటె లేనట్టే గదా. మా నాయనకు గూడ గిట్లనే మొదలైంది చెల్లె. లేనియి ఉన్నయి అనెటోడు. ఆఖరికి మమ్ముల గూడ గుర్తువట్టలే."

అగో, అప్పుడు చెప్పాలె. దుకాణంల ఇంకెవ్వరు గూడ లేరు. నేనేమన్ననో తెల్సా? "ఇంట్ల ఇంకోసారి మంచిగ దేవులాడు అన్నా" అన్న. నా బీరువల ఉన్నదాన్ని వాళ్ళింట్ల దేవులాడమని పంపిచ్చిన.

దేవులాడిన్రు. ఆ సంగతి పది రోజులకు ఆయన భార్య వచ్చి చెప్పింది. "వదినే, బియ్యం డ్రమ్ము గూడ బోర్లిచ్చిండు. పరుపులు విప్పిండు. ఇప్పుడు తాళం వేసినంక గూడ, వేసిన్నా అని నన్ను అడుగుతుండు. కంపెనీల పెద్ద మిషన్ మీద నన్ను పెట్టకున్రి, నట్టు మర్చిపోతె ఎవరికన్న దెబ్బ తాకుతది అని తానే చెప్పి స్టోర్ల పనికి మారిండు. ఏ డాక్టర్‌కు చూపియ్యాలె వదినే? నీకు తెల్సి ఉంటదని వచ్చిన" అని ఏడ్చింది.

నేను డాక్టర్ పేరు, దవాఖానకు పోయే బస్సు నంబరు ఒక చిట్టి మీద రాసిచ్చిన. నిజం చెప్పనీకె నాలుగు మాటలు చాలు. వాటికి బదులు బస్సు నంబరు రాసిన. ఆమె నా చెయ్యి పట్టుకొని కండ్లకద్దుకున్నది. ఛీ అని నన్ను నేను అనుకున్న, కాని నోట్లనే అనుకున్న.

డాక్టర్ ఏం లేదన్నడట. ఆయన నమ్మలే. మొదట్ల వాళ్ళ నాయనకు గూడ ఏం లేదనే అన్నరట.

నిరుడు ఎండకాలంల ఇద్దరు కలిసి వచ్చిన్రు. ట్రాక్టర్ అమ్ముతున్న చెల్లె అన్నడు. ఎందుకన్నా, వచ్చే జాతర ఉన్నది గదా అన్న. "వద్దు చెల్లె. అంత బరువు వెనుక కట్టుకొని క్లచ్ ఏదో బ్రేక్ ఏదో మర్చిపోతె? చుట్టు జనముంటరు, చిన్న పిల్లలుంటరు. మతి లేనోడు దాని మీద కూసోవద్దు" అన్నడు.

మల్ల కొత్త కాయిదాలు ఆయన చేపియ్యలే, నేను గూడ చెప్పలే; పేరు మార్పు అప్పటికీ కాలేదు గనక, ఫారం పాత రైతు నుంచి కొనేటాయనకు సీదా పోయింది. అమ్మేటోళ్ళ గడిల గాని, కొనేటోళ్ళ గడిల గాని ఈయన పేరు రాసే జాగ లేదు. ఆ ఫారం నా చేతులతోనే నింపిన. రెండేండ్లు కిందికి దూరి నిలవెట్టిన ట్రాక్టర్ మీద ఆయన పేరు ఒక్క రోజు గూడ ఎక్కలే. నింపుకుంట నింపుకుంట మూడుసార్లు పెన్ను ఆపిన. మూడుసార్లు మల్ల రాసిన.

ఆయన కాయిదాలను ఒక్కొక్కటిగ వేలు పెట్టి చూసి, భార్యకు చూపిచ్చి, నా చేతిల పెట్టిండు. గడప దాక పోయి ఆగిండు. మల్ల వెనుకకొచ్చిండు.

"చెల్లె, కోపం చెయ్యకు. కాయిదాలు నీకు ఇచ్చిన్నా?"

అవి నా చేతిలనే ఉన్నయి.

"ఇచ్చినవన్నా" అన్న.

ఆయన భార్య దిక్కు తిరిగి, పెద్ద భారం దిగినట్టు నవ్వి, "విన్నవా, ఇయ్యాల ఇచ్చిన్నట" అన్నడు.