ఇరవై నాలుగో ఏరు

మూడో చలికాలంలో, ఏటి ఒడ్డున గడిపిన రోజులన్నీ కలిపి నలభై ఒకటో రోజున, వీర్రాజు గాలానికి మొదటి స్టీల్‌హెడ్ పడింది. రెండు వేల ఒకటి, మార్చి పదిహేడు. పధ్నాలుగు పౌన్ల చేప. మన పులసకి దూరపు చుట్టం లాంటిది; ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, మళ్ళీ పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వస్తుంది. బ్రిటిష్ కొలంబియా తీరంలో, రోడ్డన్నది లేని చోట, బుద్ధెరిగినప్పటి నుంచీ గాలం వేసేవాళ్ళకే అది అంత తేలిగ్గా చిక్కదు. అలాంటిది, యానాం పక్క పల్లెలో ఏడో తరగతితో చదువాపి, కెనడా వెళ్ళి, ఆ తీరానికి దేశం అవతలి కొసన కిచెనర్ ఊళ్ళో కుర్చీల ఫ్యాక్టరీలో చేరిన మనిషికి చిక్కింది.

ఆ చేప వెనక ఆయన భార్య కమలకుమారి చెయ్యి ఉంది.

సెలవులన్నీ కూడబెట్టుకుని, ఏటా వసంతం ముందు ఇద్దరూ విమానమెక్కి ఆ తీరానికి వెళ్ళేవారు. మధ్యాహ్నం ఒడ్డున ఆవిడ క్యారియర్ విప్పేది. ఆవకాయ అన్నం, ఇంగువ వేసిన చారు. ఆయన శుభ్రంగా కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ గాలం పట్టుకునేవాడు. రెండు చలికాలాలు ఒక్క చేపా ముట్టలేదు. మూడో ఏడు పడవ నడిపే ముసలాయన వీర్రాజు చెయ్యి పట్టుకుని వాసన చూసి, పగలబడి నవ్వాడు.

"ఆ చేపకి కుక్కని మించిన ముక్కు. నీ చేతి వాసనకే సముద్రంలోకి పారిపోతోంది."

ఎంత తోమినా వెల్లుల్లి ఘాటు వేళ్ళని వదిలేది కాదు మరి.

"అయితే ఇక్కడున్నన్నాళ్ళూ అన్నం మానేస్తా," అన్నాడు వీర్రాజు.

"మానేసి నా ప్రాణం తియ్యండి. నోరు తెరవండి!" అంది కమలకుమారి.

నడుం లోతు నీళ్ళలోంచి ఒడ్డుకొచ్చి, గాలం కర్ర వదలకుండా నిలబడ్డ మొగుడికి ఆవిడ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ముసలాయన సిగ్గుపడి అటు తిరిగాడు. అలా తినడం మొదలెట్టిన మూడో రోజున చేప పడింది. అక్కడి చట్టం ప్రకారం దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలెయ్యాలి. వదిలేశాడు.

"బంగారం లాంటి పులుసు నీళ్ళపాలు చేశారు కదండీ!"

"మొదటిసారి వచ్చిన చుట్టాన్ని కోసుకు తింటామా ఏవిటే?"

అక్కణ్ణుంచి వెనక్కి చూసుకోలేదు. రెండు వేల ఇరవై రెండు దాకా ఇరవై మూడు ఏర్లు చూశాడు వీర్రాజు. నాలుగు ఏర్లకి నీళ్ళమీద వాలే చిన్న విమానంలో, పదకొండు ఏర్లకి పడవలో, మిగతా వాటికి కాలినడకన. ఎలుగుబంటి ఎదురుపడితే అన్నం గిన్నె మీద మూత మోగించి తరిమాడు. నూట పన్నెండు చేపలు పట్టి, నూట పన్నెండూ వదిలాడు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు; నలభై మందికి పని నేర్పాడు. అయినా తెలుగువాళ్ళ పిక్నిక్కులో ఎవరైనా పలకరిస్తే ముందు ఏర్ల సంగతే ఎత్తేవాడు. ఏ ఏరు, ఏ తేదీ, నీళ్ళ రంగేమిటి, చేప పడిందా లేదా, ఇంటికి తిరిగొచ్చిన రోజేది, అన్నీ కమలకుమారి ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసేది. ఏటికొక వరస.

ఇరవై నాలుగో ఏటి కోసం రెండుసార్లు వెళ్ళి, వరదకి వెనక్కి వచ్చారు. ఆ వరస ఖాళీగా ఉండగానే ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. వీర్రాజు గాలం కర్రలు బేస్‌మెంట్‌లో పెట్టేశాడు. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక ఆయనే ముద్దలు కలిపి నోట్లో పెట్టడం నేర్చుకున్నాడు.

ఈ ఏడు మార్చిలో రెండు కబుర్లు వచ్చాయి. కుడి కన్ను ఎప్పుడో పోయిన ఆయనకి ఎడం కన్ను కూడా మసకబారుతోందనీ, వచ్చే వసంతానికి నీళ్ళు కనబడకపోవచ్చనీ కంటి డాక్టర్ ఆయనతోనే చెప్పాడు. రెండోది డయాలసిస్ డాక్టర్ కమలకుమారితో ఒంటరిగా చెప్పాడు. గుండె తట్టుకోవడం లేదు. ఇక వారాలే.

ఆవిడ మొదటి కబురుకి ఏడ్చింది. రెండోది కూతురు వాసవికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"టికెట్ బుక్ చేసుకోండి. ఆ ఏరొక్కటీ చూసి రండి," అంది.

"నువ్వు లేకుండానా? ముద్ద ఎవరు పెడతారు?"

"చెంచా పెడుతుంది."

ఆ మధ్యాహ్నమే చెంచా చేతికిచ్చి కూర్చోబెట్టింది. ఆయన పప్పన్నం అటూ ఇటూ తోసి, "తాపీమేస్త్రీ సున్నం కలిపినట్టుందే," అన్నాడు.

"గోడ కట్టినా సరే, చేత్తో ముట్టుకోకండి. అంతదూరం వెళ్ళి ఉత్త చేతులతో వస్తే ఊరుకోను."

మార్కమ్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన వాసవి తల్లిని వంటింట్లోకి తీసుకెళ్ళింది. "అమ్మా, యూ హావ్ టు టెల్ హిమ్. దిస్ ఈజ్ నాట్ ఫెయిర్."

"చెబితే కదలడు. ఆ కన్ను నా మంచం పక్కనే ఆరిపోతుంది. చూడాల్సింది చూసి రానీ."

"వాట్ ఇఫ్..."

"ఉంటానే. మాటిస్తున్నా కదా."

పన్నెండు రోజుల ప్రయాణం. ముసలి పడవాయన కొడుకే ఇప్పుడు పడవ నడుపుతున్నాడు. బయలుదేరేముందు చిన్న రేవులో నిలబడి వీర్రాజు ఫోన్ చేశాడు.

"రేపట్నుంచి సిగ్నల్ ఉండదు. తిన్నావా?"

"తిన్నా. మీరు?"

"చెంచాతోనే తిన్నా."

"అబద్ధం."

"ఆయ్, అబద్ధమే. కానీ చేతులు ఇసకేసి మూడుసార్లు తోమాన్లే!" నవ్వాడు. తరవాత గొంతు తగ్గింది. "కన్ను బాగానే ఉందే. కొండలమీద మంచు కనిపిస్తోంది. నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. పెట్టెయ్యండి, పడవవాడు కేకలేస్తాడు."

ఫోన్ పెట్టేసరికి వాసవి చేతిలో గిన్నె అలాగే ఉంది. కమలకుమారి రెండు మెతుకులు కూడా మింగలేదు. గిన్నెవైపు కాసేపు చూసి నోరు తెరిచింది. వాసవి పెట్టిన ముద్దని చాలాసేపు నమిలి, కష్టంమీద మింగింది.

"ఇంకోటి పెట్టు," అంది.

రెండో ముద్ద దిగాక నోటుబుక్కు అడిగి తీసుకుంది. ఇరవై నాలుగో వరసలో నీళ్ళ రంగు, చేప గడులు ఆయన వచ్చి చెప్పాక రాయాలని ఖాళీగా వదిలేసింది. చివరి గడిలో మాత్రం, వణికే చేత్తో, ఒక్కో అక్షరమే దిద్దుతూ రాసింది: రాక, ఏప్రిల్ 3, గురువారం.