‘బాగుంది’ అన్న మాట నమ్మలేక గోదావరిఖనికి

ఎవా ఫోన్ చేయకపోతే నేను గోదావరిఖని వెళ్ళేదాన్ని కాదు. హైదరాబాదులో విదేశీయులకు తెలుగు నేర్పడం నా పని. చెక్ దేశం నుంచి వచ్చిన హానా అనే అమ్మాయి కొన్నాళ్ళు నా దగ్గర నేర్చుకుంది. భూమి లోపల బొగ్గు కోసే యంత్రాలు అమ్మే ఒక విదేశీ సంస్థలో ఆమె మెకానిక్. రామగిరి వైపు ఒక గనిలో వాళ్ళ యంత్రం పెట్టారు. దాని మరమ్మతులు చూడడానికి వచ్చిన బృందంలో ఆమె ఒకతె. రెండేళ్ళ ఒప్పందం ముగిశాక మిగతావాళ్ళందరూ విమానం ఎక్కేశారు. హానా మాత్రం మళ్ళీ సంతకం పెట్టి ఉండిపోయింది.

ఎవా ఆమె అక్క. సూప్‌లో ఉప్పు తగ్గితేనే ఊరుకోని తన చెల్లెలు ఇప్పుడు ఏ మెసేజ్ పెట్టినా “సంతోషంగా ఉన్నాను, అంతా బాగుంది” అనే రాస్తోందనీ, అదే తనకు భయంగా ఉందనీ చెప్పింది. పైగా కంపెనీ గెస్ట్‌హౌస్ వదిలేసి ఊళ్ళో ఎవరింట్లోనో పై గదికి మారిందట. వాళ్ళెవరో, ఎందుకు ఉంచుకున్నారో ఎవాకు తెలియదు. మీరు కళ్ళారా చూసి బాగాలేదని ఒక్క మాట చెబితే చాలు, ఆఫీసు వాళ్ళతో మాట్లాడి వెనక్కి రప్పిస్తాను అంది.

అలాంటి మెసేజీలు నాకూ వచ్చేవి. ఒక్కదాంట్లోనూ ఫిర్యాదు లేదు. అక్కడి ఎండాకాలాన్ని అక్కడ పుట్టినవాళ్ళే తిట్టుకుంటారు. ఈమె ఎండ కూడా బాగుందని రాసింది. నా అనుమానం అక్కడే మొదలైంది.

శనివారం ఉదయం సికింద్రాబాదులో కాగజ్‌నగర్ రైలెక్కాను. ఎక్కగానే “వస్తున్నాను” అని హానాకు మెసేజ్ పెట్టాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు సీటు ముందే రిజర్వు చేసుకోవడం మంచిది. కాజీపేట దాకా నడవలో కాలు పెట్టే చోటు లేదు. జనగామ దాటాక ఎదుటి సీటాయనతో మాట కలిసింది. నస్పూర్‌లో ఇల్లు, శ్రీరాంపూర్ గనిలో పని. తల్లిని హైదరాబాదులో దవాఖానలో చూపించి తీసుకెళ్తున్నాడు. గోదావరిఖనిలో ఉండే విదేశీ అమ్మాయి కోసం వెళ్తున్నానని చెప్పాను.

“గా తెల్లక్కనా? అందరికీ ఎరుకే. మా తోడల్లుడు మార్కెట్ల చూపించిండు,” అన్నాడు.

ఒంటరిగా ఉంటుందా అని అడిగాను.

“ఒంటిగ ఎట్ల ఇడుస్తరమ్మా? ఎవలో ఒకలు ఎంబడి ఉంటనే ఉంటరు.”

ఆయన మంచితనంగానే అన్నాడు. నాకు మాత్రం కాపలా అన్నట్టు వినిపించింది. ఫోన్ చూసుకున్నాను. హానా నుంచి జవాబు లేదు.

మధ్యాహ్నానికి రామగుండంలో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలున్నాయి. నిండితేగానీ కదలవు. నిండాక కూడా దారిలో ఇద్దరు ఎక్కారు. గోదావరిఖని చౌరస్తా దగ్గర లాడ్జిలో గది తీసుకుని, పక్కనే మెస్సులో భోజనం చేశాను. పప్పుచారు కారంగా, రుచిగా ఉంది. ఇంకా జవాబు రాలేదు. రెండు సార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

చిరునామా పట్టుకుని వెళ్తే కింద మోటార్ సైకిళ్ళ రిపేరు షాపు, వెనక ఇల్లు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న నలభై ఏళ్ళ ఆమె లేచి వచ్చింది. పేరు షాహీన్, ఇంటి యజమానురాలు. షాపు ఆమె భర్తది. హానా కావాలనగానే నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

“పండుకుంది. లేపద్దు.”

పట్టపగలు నిద్రేమిటన్నాను. ఆమె దానికి జవాబు చెప్పకుండా కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, తను అడగడం మొదలుపెట్టింది. ఎక్కడి నుంచి వచ్చాను, హానా నాకు ఏమవుతుంది, నన్ను ఎవరు పంపారు. నేను టీచర్నని మాత్రం చెప్పాను. ఒక్కసారి పైకి వెళ్ళి తలుపు తట్టి వస్తానంటే మెట్లకు అడ్డంగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. పోలీస్ స్టేషన్ ఎంత దూరమో మనసులోనే లెక్క వేసుకున్నాను.

సాయంత్రం అవుతుండగా పైన గొళ్ళెం తీసిన చప్పుడైంది. హానా జుట్టు ముడేసుకుంటూ దిగి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, వచ్చి గట్టిగా పట్టుకుంది. వారమంతా నైట్ షిఫ్టట. పొద్దున వచ్చి ఫోన్ మూగబెట్టి పడుకుందట. అయినా నా అనుమానం తగ్గలేదు. ఎందుకంటే నేను హానాను ఏమడిగినా షాహీనే జవాబు చెబుతోంది. తింటున్నావా అంటే “తింటది”. చిక్కావేం అంటే “గా పుల్ల రొట్టె తింటే చిక్కదా? పిండిని రెండు రోజులు మురగబెట్టి కాలుస్తది.” హానా నవ్వి ఊరుకుంది.

అలా గోదావరి ఒడ్డుకు వెళ్ళి వద్దాం రా అన్నాను. షాహీన్ వెంటనే చెప్పుల కోసం చూసింది.

“నేను గూడ వస్త.”

“వద్దు షాహీన్,” అంది హానా. “మేమిద్దరమే పోతం.”

షాహీన్ మూతి ముడుచుకుని కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. నా దగ్గర చదువుకున్న రోజుల్లో హానా ఎవరికీ వద్దని చెప్పడం నేను వినలేదు.

నది ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాం. నేను అడగకుండానే తను మొదలుపెట్టింది.

“ఈ ఇంట్లో మొదటి ఏడాది రాసినవి అన్నీ అబద్ధాలు మేడమ్.”

గెస్ట్‌హౌస్‌లో ఊపిరాడక ఈ గదికి వచ్చిందట. ఇక్కడివాళ్ళలా ఉంటే సంతోషంగా ఉండొచ్చని ఎవరో చెప్పారట. అందుకని అన్నిటికీ తలూపింది. మూడోసారి వడ్డించినా తినేది. కడుపు పాడైనా బాగుందనేది. ఎవరు ఎప్పుడు వచ్చి మంచం మీద కూర్చున్నా నవ్వేది, జీతం ఎంతని అడిగినా చెప్పేది. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చేది. ఒకరోజు నైట్ షిఫ్టు చేసి నిద్రపోతుంటే షాహీన్ బంధువులు తెల్లక్కను చూడడానికి తలుపు తోసుకుని వచ్చారు. హానా లేచి తన భాషలో అరిచి, అందరినీ బయటికి పంపేసింది. ఆ తర్వాత షాహీన్ మాటలు మానేసింది, కూరలు పంపడం మానేసింది. హానా పెట్టె సర్దుకుంది. వెళ్ళిపోదామనుకున్న రోజు షాహీన్ పైకి వచ్చి గడప బయటే నిలబడింది.

ఆమె అన్న మాటల్ని హానా ఆమె యాసలోనే చెప్పింది. “ఏడాది సంది బాగుంది, బాగుంది అంటివి. నీకు తకలీఫ్ అయితుందని నాకెట్ల ఎరుక? చెప్పరాదా?”

“ఇద్దరం చాలాసేపు కొట్లాడినం,” అంది హానా. “ఆమె ఉర్దూల, నేను చెక్‌ల. తర్వాత ఆకలైంది. కిందికి పోయి తిన్నం.”

మర్నాడు షాహీన్ భర్త తలుపుకు లోపలివైపు గొళ్ళెం బిగించాడట. అప్పటి నుంచి హానా నిద్రపోతే ఎవరినీ మెట్లెక్కనివ్వని పని షాహీన్ తీసుకుంది.

అంతా విన్నాక, ఎవా పంపితేనే వచ్చానని చెప్పాను. హానా ముఖం ఎర్రబడింది. నన్నే అడగొచ్చు కదా, చాటుగా చూసి రావడం ఏమిటని నిలదీసింది. అడిగితే బాగుందనే అంటావు, ఇప్పటికీ అదే రాస్తున్నావు అన్నాను. అది నిజమేనని ఒప్పుకుంది.

“అక్కకు ఫికర్ ఎందుకని. అలవాటైంది. ఇప్పుడు అడగండి.”

సంతోషంగా ఉన్నావా అని అడిగాను.

“ఎండ బాగలేదు. పెళ్ళి ఎందుకు కాలేదని రోజూ ఎవరో ఒకరు అడుగుతరు, అది అసలే బాగలేదు. షాహీన్ మంచిది, కాని నోరు మూయదు. మా ఊళ్ళో గనులు మూసేసినరు మేడమ్. నాకు వచ్చిన పని అక్కడ లేదు, ఇక్కడ ఉంది. ఉంటా.”

ఆదివారం పొద్దున సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. హానా డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. షాహీన్ పూరీలు పొట్లం కట్టి చేతికిచ్చింది, కానీ పొట్లం వదల్లేదు.

“ఆమె అక్కకు ఏం చెప్తరు? తీస్కపోతరా?”

చూసింది చెబుతానన్నాను.

“మంచిగ చెప్పుండ్రి అననీకి నాకు హక్కు లేదు. ఉన్నది చెప్పుండ్రి, సాలు,” అని పొట్లం వదిలింది. నేను ఆమెను అనుమానించినంతగా ఆమె కూడా నన్ను అనుమానించిందని అప్పటికి అర్థమైంది.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. పెద్దపల్లి దాటాక ఎవా ఫోన్. ఎలా ఉంది అని అడిగింది. ఇల్లు, గది, తిండి గురించి చెప్పాను. ఆమెకు అవి చాలలేదు. సంతోషంగా ఉందో లేదో చెప్పమంది.

“నిన్న నా మీద చాలా కోప్పడింది,” అన్నాను.

ఎవా వెంటనే అడిగింది.

“ఆ ఇంటి వాళ్ళ మీద కూడా కోప్పడుతుందా?”

“పడుతుంది. వాళ్ళూ ఆమె మీద పడతారు.”

“అయితే ఉండనివ్వండి,” అంది ఎవా. ఆఫీసు మాట ఎత్తలేదు.

రెండు రోజుల్లో ఒక మనిషి సుఖం ఎంతో తేల్చి చెప్పగలనని నేను అనుకోను. రాత్రి డ్యూటీలు, ఆ ఎండ, పరాయి భాష ఆమెను ఎన్నాళ్ళు నిలవనిస్తాయో తెలియదు. కాని ఇంతమంది విదేశీయులకు పాఠాలు చెప్పాను గానీ, ఇక్కడ ఏది నచ్చలేదో ఇంటివాళ్ళ ముందే చెప్పి, ఆ ఇంట్లోనే అన్నం తింటున్న మనిషిని చూడడం నాకు ఇదే మొదటిసారి. జమ్మికుంటలో రైలు ఆగింది. పూరీల పొట్లం విప్పాను. పక్కనున్న ఆవిడ ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది. మా వాళ్ళ ఇంటి నుంచి అని చెప్పాను.