పైక్‌లెట్ మీద వేసిన నెపం

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాల్లో బాగా అతికినది ఒక్కటే ఉంది. నాకు గుర్రపు స్వారీ వచ్చని చెప్పాను.

అప్పటికి నాకు పదేళ్ళు. కాకినాడ నుంచి పరాయి దేశంలో పాపకూర అనే ఊరు వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. మా నాన్న ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో పనిచేసేవారు, అమ్మ ఇంట్లోనే ఉండేది. బడిలో నన్ను ఎవరూ ఏడిపించేవాళ్ళు కాదు, అలాగని పలకరించేవాళ్ళూ కాదు. లంచ్ టైములో నా డబ్బా నేను తెరుచుకుని, నా పులిహోర నేను తిని, గంట కొట్టేదాకా షూ లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంటూ కూర్చునేదాన్ని.

నా పక్క సీటు అమ్మాయికి సొంత గుర్రం ఉండేది. దాన్ని ఊరి బయట కొండల వైపు ఒక లాయంలో ఉంచేవారు. అక్కడ చాలామంది అలాగే తమ గుర్రాల్ని ఉంచి, వారానికి రెండు మూడుసార్లు వెళ్ళి చూసుకునేవారు. లాయం వాళ్ళ గుర్రాలు వేరే ఉండేవి. సరదాకి వచ్చినవాళ్ళని వాటి మీద కొండదారుల్లో తిప్పి తీసుకొచ్చేవారు. ఆ అమ్మాయి నోటు పుస్తకాల నిండా గుర్రాల బొమ్మలే. ఒకరోజు నా వైపు తిరిగి, మీ దేశంలో గుర్రాలుంటాయా అని అడిగింది. ఆ మూడు నెలల్లో తోటిపిల్లలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఉంటాయని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మా తాతయ్యకి రెండు గుర్రాలున్నాయనీ, నేను రోజూ స్వారీ చేసేదాన్ననీ చెప్పేశాను. నిజానికి నేను గుర్రమెక్కింది ఒక్కసారే, విశాఖపట్నం బీచ్‌లో, ఫొటో కోసం. ఆ ఫొటోలో నోరంతా తెరిచి ఏడుస్తూ ఉంటాను. మా తాతయ్యకి ఉన్నది ఒక పాత స్కూటరు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా. నాది ఎంతగా అతికిందంటే, మర్నాటి నుంచి ఆ అమ్మాయి లంచ్‌కి నా పక్కనే కూర్చుంది. ఇంకో ఇద్దరిని కూడా తీసుకొచ్చింది. వాళ్ళ కోసం నేను తాతయ్య గుర్రాలకి పేర్లు పెట్టాను. ఒకదానికి కాలు బెణికించి, నేనే కట్టుకట్టి నయం చేశాను. రోజుకొక కథ. ఇంటికి వెళ్తున్నప్పుడు భయం వేసేది, పొద్దున్నే బడికి వెళ్ళాక భయం పోయేది.

ఇంతలో ఆ అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. నలుగురం కలిసి ఆ లాయానికి వెళ్ళి కొండదారిలో స్వారీ చేయాలి, తరవాత అక్కడే కేకు. ముందే నింపి తెమ్మని లాయం వాళ్ళ కాగితం ఒకటి ఆ అమ్మాయి ఇచ్చింది. పేరు, వయసు, కింద మూడు గళ్ళు: స్వారీ అసలు రాదు, కొంచెం వచ్చు, బాగా వచ్చు. నేను మూడో గడిలో టిక్ పెట్టాను. షిఫ్టు నుంచి అలసిపోయి వచ్చిన నాన్న, నేను వేలుపెట్టి చూపించిన చోట సంతకం చేసి, నాకు ఫ్రెండ్స్ దొరికారని అమ్మతో సంతోషంగా చెప్పుకున్నారు. ఆ సంతోషం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు.

శనివారం పొద్దున నాన్న నన్ను అక్కడ దింపి వెళ్ళారు. రాత్రి వాన పడిందేమో, నేలంతా బురద. ఎండుగడ్డి, పేడ, తోలు వాసన కలిసి వస్తోంది. చలికి గుర్రాలకి గుడ్డ కోట్లు తొడిగి ఉంచారు. లాయం చూసుకునే ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. పొట్టి తెల్లజుట్టు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, గట్టి గొంతు. మా కాగితాలు చూసి, నా కోసం ఒక నల్ల గుర్రాన్ని బయటికి తెచ్చారు. అది నిలకడగా నిలబడటం లేదు, నేలని కాలితో దువ్వుతోంది. ఆవిడ దాన్ని పట్టుకుని నా వైపే చూస్తున్నారు. నేను హెల్మెట్ వెనకది ముందుకి పెట్టుకున్నాను. గుర్రానికి కుడి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఎవరైనా ఎడమ పక్క నుంచే ఎక్కుతారని నాకు అప్పటికి తెలియదు.

ఆవిడ నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. నల్ల గుర్రాన్ని లోపల కట్టేసి, ఎర్రమట్టి రంగులో పొట్ట వేలాడుతున్న ఒక గుర్రాన్ని తీసుకొచ్చారు. దాని పేరు పైక్‌లెట్. పైక్‌లెట్ అంటే ఇక్కడివాళ్ళు జామ్ రాసుకుని తినే చిన్న అట్టు, మన దిబ్బరొట్టెకి మనవరాలిలా ఉంటుంది. ఆవిడ అందరికీ వినబడేలా చెప్పారు.

"వీడికి ఇవాళ మూడ్ బాగాలేదు. మొండికేస్తాడు. బాగా వచ్చినవాళ్ళే వీడి మీద కూర్చోవాలి. నేను కూడా తాడు పట్టుకుని పక్కనే వస్తాను, లేకపోతే మాట వినడు."

మిగతా పిల్లలు నన్ను గౌరవంగా చూశారు. ఆవిడ నా హెల్మెట్ బిగిస్తున్నట్టు బిగిస్తూ వెనక్కి తిప్పి సరిగా పెట్టి, నన్ను ఎడమ పక్కకి నడిపించి, చెక్క మెట్టు మీద నుంచి ఎక్కించారు. తను ఒక ఎత్తయిన గుర్రమెక్కి, పైక్‌లెట్ తాడు చేత పట్టుకుని బయల్దేరారు. మా వెనక పిల్లలు, అందరికంటే వెనక పుట్టినరోజు అమ్మాయి, వాళ్ళమ్మ.

గుర్రం మొదటి అడుగు వేసింది. అంత ఎత్తున, కింద నేల కదులుతుంటే కాళ్ళు ఎక్కడ పెట్టాలో, చేతులు ఏం చేయాలో తెలియలేదు. అప్పుడు ఆవిడ గుర్రాన్ని కోప్పడటం మొదలుపెట్టారు. పైక్‌లెట్, మడమలు కిందికి దించు అన్నారు. పైక్‌లెట్, వీపు నిటారుగా పెట్టు. పైక్‌లెట్, నేల చూపులు చూడకు, ముందుకి చూడు. వెనక పిల్లలు పకపకా నవ్వారు. గుర్రానికి మడమలు దించమని చెప్పే పెద్దావిడని వాళ్ళెప్పుడూ చూడలేదు. నేను మాత్రం నవ్వలేదు. నా మడమలు కిందికి దించాను. వీపు నిటారుగా పెట్టాను. పాపం పైక్‌లెట్, మొండితనం మాట దేవుడెరుగు, ఆవిడ తాడు లాగక్కర్లేకుండానే బుద్ధిగా నడుస్తోంది.

కొండ కింద ఒక వాగు దాటాలి. నడిమధ్యలో పైక్‌లెట్ నీళ్ళు తాగడానికి తల వంచింది. నా ముందున్న మెడ మాయమై, నేను ముందుకి జారిపోయాను. ఇక నీళ్ళలో పడటమే అనుకున్నాను. "పైక్‌లెట్, జూలు పట్టుకో. గట్టిగా పట్టుకో. ఏం కాదు," అన్నారావిడ, ఎంతో నెమ్మదిగా. రెండు చేతులతో జూలు పట్టుకున్నాను. అది తల ఎత్తి, నీళ్ళు కారుతున్న మూతి ఒకసారి విదిలించి, తాపీగా అవతలి గట్టు ఎక్కింది. గట్టెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తరవాత భయం తగ్గింది. కొండ మీద గాలి, దూరంగా సముద్రం, కింద గొర్రెలు. తిరిగి వచ్చేటప్పుడు చదునైన చోట ఆవిడ గుర్రాల్ని చిన్నగా పరుగెత్తించారు. నేను జీనులో డబ్బాలో చింతపిక్కలా ఎగిరెగిరి పడ్డాను. అయినా నవ్వు ఆగలేదు. ఆ ఊరు వచ్చాక నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

లాయం దగ్గర కేకు కోశారు. అక్కడ గుమ్మం పక్కన బల్ల మీద ఒక పెద్ద పుస్తకం ఉండేది, వచ్చినవాళ్ళు తమ అనుభవం రాసి వెళ్ళడానికి. పుట్టినరోజు అమ్మాయి వాళ్ళమ్మ అందులో ఏదో రాశారు. ఆవిడ లేచాక నేను చూశాను. అంతా చాలా బాగుందనీ, పైక్‌లెట్ అనే గుర్రం మాత్రం మొండిదనీ, దాన్ని పిల్లలకి ఇవ్వకపోతే మంచిదనీ రాశారు. తింటున్న కేకు పక్కన పెట్టేశాను.

లాయం వెనక పెద్దావిడ పైక్‌లెట్‌కి బ్రష్ చేస్తున్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ ఇంకో బ్రష్ నా చేతికిచ్చారు. కాసేపు ఇద్దరం దువ్వాం. తరవాత నేను తలెత్తకుండానే, నాకు స్వారీ రాదని చెప్పాను. నాకు తెలుసన్నారు. పుస్తకంలో రాసినదాని గురించి చెప్పి ఏడ్చేశాను. నా మూలంగా దానికి చెడ్డపేరు వచ్చిందన్నాను.

"వీడికి చదవడం రాదులే అమ్మాయ్," అని నవ్వారావిడ. నవ్వాక మొహం మారింది. బ్రష్ పక్కన పెట్టి, వంగి, నా కళ్ళలోకి చూశారు.

"కానీ ఆ టిక్కు మాత్రం ఇంకెప్పుడూ పెట్టకు. నేను చూడకపోతే నిన్ను ఆ నల్ల గుర్రం మీద కూర్చోబెట్టేదాన్ని. రాదని చెప్పినవాళ్ళని చూసి ఇక్కడ ఎవరూ నవ్వరు. ఒకప్పుడు అందరూ రానివాళ్ళే. నేను కూడా."

నీ స్నేహితులకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేనైతే చెప్పను అని కూడా అన్నారు. అది విన్నాకే నాకు చెప్పాలనిపించింది. వెళ్ళి ఆ పుస్తకంలో, పై మాటల కిందే, నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. పైక్‌లెట్ మంచి గుర్రం. నాకు స్వారీ రాదు. మా తాతయ్యకి గుర్రాలు లేవు. ఇవాళ నన్ను పడకుండా మోసింది పైక్‌లెటే. కింద నా పేరు రాశాను.

వెనక్కి తిరిగేసరికి పుట్టినరోజు అమ్మాయి నా భుజం మీదుగా చదువుతోంది. సోమవారం నుంచి మళ్ళీ షూ లేసులే గతి అనుకున్నాను. కట్టు కట్టిన గుర్రం కూడా అబద్ధమేనా అని ఆ అమ్మాయి అడిగింది. అదే తనకి అన్నిటికంటే నచ్చిందట. అబద్ధమేనన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. కాసేపయ్యాక, వచ్చే శనివారం తన గుర్రాన్ని శుభ్రం చేయడానికి వస్తావా, ఎడమా కుడీ తను నేర్పుతానంది. వాళ్ళమ్మ కూడా అది చదివి, తను రాసిన ఆఖరి వాక్యం కొట్టేసి, పైక్‌లెట్‌కి ఒక క్యారెట్ పెట్టి వచ్చారు.

ఇంటికి వెళ్తూ కారులో నాన్నకి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన ట్రాఫిక్ లైటు దగ్గర ఆగి, నెమ్మదిగా అన్నారు. "మా సూపర్‌వైజర్ స్పీడ్‌గా మాట్లాడితే సగం అర్థం కాదు తల్లీ. అన్నిటికీ యెస్ యెస్ అనేస్తున్నా. సోమవారం నేనూ చెప్పేస్తాలే." చెప్పారు కూడా. సూపర్‌వైజర్ అప్పటి నుంచి ఆయనతో నిదానంగా మాట్లాడేవాడట, అవసరమైతే బొమ్మ గీసి చూపించేవాడట.

ఇప్పుడు నేను ఆసుపత్రిలో సీనియర్ నర్సుని. మన వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నా దగ్గర పని నేర్చుకుంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు, రానిదాన్ని వచ్చని తలూపి, పేషెంటు ముందు ఏం చేయాలో తెలియక నిలబడతారు. నేను నలుగురిలో ఏమీ అనను. ఈ మెషీన్ కాస్త పెంకిది, ఇద్దరం కలిసి చేద్దాం అని పక్కన నిలబడతాను. పని అయ్యాక బయటికి తీసుకెళ్ళి, టీ చేతికిచ్చి, అసలు సంగతి గట్టిగానే చెబుతాను. పరువు కాపాడటం, తప్పు చెప్పడం రెండూ ఒకే మనిషి చేయవచ్చని, రెండూ ప్రేమతోనే చేయవచ్చని ఆ పెద్దావిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇక నాకేదైనా రాకపోతే, ఎంత పెద్ద డాక్టరు ముందైనా సరే, నాకిది రాదు, ఒకసారి చూపించండి అని అడిగేస్తాను. ఇన్నేళ్ళలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.