మేకుకు మిగిలిన బిళ్ల

నేను చెప్పకుండా మింగిన వాక్యం ఒకటుంది. చిన్న వాక్యం. చెప్పడానికి ఒక్క గుక్క ఊపిరి చాలు. ఇన్నేళ్లూ దాన్ని గొంతులో పెట్టుకునే పాఠాలు చెప్పాను, పెళ్లిళ్లకు వెళ్లాను, రిటైరయ్యాను, సన్మానం శాలువా కూడా కప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

గోదావరిఖనిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. పిల్లల ఫోన్లూ, బడి ట్యాబులూ చూసుకునే పని కూడా నా నెత్తినే పడింది. ఆ నిబంధనలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. హోంవర్కు ఫోన్లో పంపాలి, పిల్లలు ఫోను తేకూడదు. ట్యాబులు రోజూ వాడించాలి, వాటి మీద గీత పడితే మాత్రం టీచరుదే బాధ్యత. ఇంకేం, చాలా బడుల్లో అవి అట్టపెట్టెల్లోనే ముసలివైపోయాయి. నేను వాళ్లందరికంటే తెలివైనవాణ్ననుకున్నాను.

మా బాపు బొగ్గుబాయిలో, అదే గనిలో, పనిచేశాడు. అక్కడ దిగే ముందు కార్మికుడు తన నంబరు బిళ్లను ల్యాంపు రూములో మేకుకు తగిలించి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా బిళ్ల మేకుకే ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. వెతకడానికి దిగుతారు. అదే పద్ధతి బడిలో పెట్టాను. ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక రేకు బిళ్ల. ట్యాబు తీసుకున్నప్పుడు దాని అర పక్కనున్న మేకుకు బిళ్ల తగిలించాలి, నా చేతికి తిరిగిచ్చాక తీసుకుపోవాలి. కార్మికుల పిల్లలు కదా, ఒక్కసారి చెబితే పట్టేశారు.

నిబంధనలు కూడా నేనే రాశాను. బడి వస్తువు గేటు దాటకూడదు. పాడుచేసినవాళ్లు ఆ ఏడాదంతా ట్యాబు ముట్టకూడదు. రెండోది రాస్తున్నప్పుడు నాకెంతో తృప్తిగా అనిపించింది. ఎవరిని తలచుకుని అంత తృప్తిపడ్డానో?

రవళి అప్పుడు పదో తరగతి. తండ్రి రాజమల్లు బాయిలో పనిచేసేవాడు. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే ఆ పిల్ల దగ్గర జవాబు ఉండేది. ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీ ప్రవేశపరీక్ష ఆ ఏడు మా బడిలో, ఆ ట్యాబుల మీదే జరగాలి. సీటొస్తే చదువూ హాస్టలూ ఉచితం. రాకపోతే ఆమెకు మరో దారి లేదు. అదే పరీక్షకు వేరే బడిలో చదివే మా అబ్బాయి కూడా సిద్ధమవుతున్నాడు.

ఒక శనివారం సాయంత్రం చివరిదాకా కూర్చుని లెక్కలు చేసింది రవళి. బయట ఆటోవాడు హారను మోగిస్తుంటే ట్యాబు నా చేతిలో పెట్టి పరుగెత్తింది. బిళ్ల మేకుకే మర్చిపోయింది. నేను చూశాను. పిలవలేదు. ఏ కుట్రా లేదు, నమ్మండి. ఆ ట్యాబునే ఇంటికి తీసుకెళ్లి, మా వాడితో ఒకటి రెండు మాదిరి పరీక్షలు రాయించి, సోమవారం తెద్దామన్న తొందర నాది. గేటు దాటకూడదన్నది పిల్లలకు పెట్టిన నిబంధన కదా, నాకు కాదు కదా! అలాగే అనుకున్నాను. బొగ్గు టిప్పరుకు దారి ఇవ్వబోయి స్కూటరును గుంతలో దించాను. ముందు తగిలించిన సంచి ఎగిరి రోడ్డు మీద పడింది. ట్యాబు అద్దం పగిలింది.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి దాన్ని అరలో పెట్టాను. అప్పటికీ హెడ్మాస్టరుకు నిజం చెబుదామనే ఉంది. కానీ ఆయనే ముందు చూశాడు. పక్కన బిళ్ల వేలాడుతోంది. ఎవరో పగలగొట్టి, సారుకు ఇవ్వకుండా అరలో తోసి పారిపోయారని ఆయనకై ఆయనే తేల్చేశాడు. బిళ్ల ఎవరిదని నన్నడిగాడు. నేను పేరు చెప్పాను. అడిగినదానికే జవాబు చెప్పాను. అబద్ధం కాదుగా అని ఆ పూటంతా నాకు నేను చెప్పుకున్నాను.

కబురందుకుని, మొదటి షిఫ్టు దిగి రాజమల్లు నేరుగా బడికి వచ్చాడు.

"సార్, నేను మీ చేతికే ఇచ్చిన గద. ఆటో పోతదని ఉరికిన. బిళ్ల మర్చిపోయిన, గంతే," అంది రవళి.

"నాకియ్యలేదమ్మా. ఇస్తే బిళ్ల ఆడ్నే ఎట్లుంటది?" అన్నాను.

రాజమల్లు మేకు వైపు చూశాడు. "మా దోస్తు బిళ్ల ఒకనాడు గిట్లనే మిగిలింది సారు. మర్చిపోయి ఇంటికి పోయిండన్నరు అందరు. దిగి చూస్తే కిందనే ఉన్నడు, పైకప్పు కూలి మీద పడి. బిళ్లొక్కటే నిజం చెప్పింది." కూతురి వైపు తిరిగాడు. "నీ నోటిని నమ్మాల్నా బిడ్డా, బిళ్లను నమ్మాల్నా?"

"నన్ను నమ్మాలె బాపూ."

అతను మళ్లీ మేకుకున్న బిళ్ల వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "సారును మాఫీ అడుగు," అన్నాడు.

అడిగింది. ఏడవలేదు. నా కళ్లలోకే చూస్తూ, "తప్పయింది సార్," అంది. నేను పెద్దమనసున్నవాడిలా తలూపాను.

ఆ పిల్ల పరీక్ష రాయలేదు. నా నిబంధన ఒప్పుకోలేదు. మా వాడు రాశాడు, సీటు రాలేదు. ఎవరి కోసం ఇదంతా చేశానని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో! వాడి కోసమని సర్దిచెప్పుకోవడానికి కూడా లేకుండా పోయింది. అయినా ఏ బిళ్లను చూస్తే ఆ ఊళ్లో తండ్రి సొంత బిడ్డను కూడా నమ్మడో తెలిసి, ఆ బిళ్లనే బడిలోకి తెచ్చినవాణ్ని నేను. చేతికిచ్చారో లేదో చెప్పాల్సినవాడే అబద్ధమాడితే ఏం చెయ్యాలని మాత్రం ఏ నిబంధనలోనూ రాయలేదు.

మొన్న కూరగాయల మార్కెట్లో రాజమల్లు కలిశాడు. అతనూ రిటైరయ్యాడు. రవళి బసంత్‌నగర్‌లో ఒక సిమెంటు దుకాణంలో బిల్లులు కొడుతోందట. "ఇప్పటికి గదే మాట మీదున్నది సారు. సారు చేతికే ఇచ్చిన అంటది. నాతోని సక్కగ మాట్లాడక ఎన్నేండ్లాయెనో. నా లెక్కనే మొండిది," అని నవ్వాడు, కాకరకాయలు ఏరుకుంటూ. నేనూ నవ్వాను. నవ్వానండీ! ఆ మనిషి తన బిడ్డను పోగొట్టుకున్న సంగతి చెబుతుంటే, పక్కన నిలబడి నవ్వాను.

ఆ వాక్యం అక్కడే చెప్పి ఉండవచ్చు. ఎండగా ఉందనో, జనం ఉన్నారనో, ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. వాళ్లింటికి వెళ్తానని మీకు మాటివ్వను. నా మాట విలువెంతో మీరు చూశారు. క్షమించమనీ అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఒక్కసారైనా నా చేత్తో రాసి చూడాలనుంది, అంతే.

ఆ శనివారం సాయంత్రం రవళి ట్యాబును నా చేతికే ఇచ్చింది.