పాతవి తీసెయ్యమంటారా?

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని. కొత్త ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు (నిద్రపోయేటప్పుడు మాత్రం తీసేదాన్ని). గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల నుంచి మార్టూరు గ్రానైటు యూనిట్ల దాకా ఉన్న లినక్స్ కంప్యూటర్లను చూసుకోవడం మా చిన్న కంపెనీ పని. అన్నింటిలోనూ పాత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు తీసి కొత్తవి ఎక్కించే బాధ్యత నాకిచ్చి, "ఇది సవ్యంగా చేస్తేనే నీ ఉద్యోగం పర్మినెంటు" అన్నారు మా బాసు. ఆఫీసులో కూర్చునే అన్నింటికీ ఎక్కించేశాను, ఒక్క కోల్డ్ స్టోరేజీ తప్ప. అక్కడ నెట్ నిలకడగా ఉండదు. మేనేజరుగారికి ఫోన్లో చెప్పి చేయిద్దామనుకున్నాను. మేం ఆయన్ని చాటుగా 'అలాగేనమ్మ'గారనేవాళ్లం. ఏం చెప్పినా ఆయన జవాబు అదే మరి.

"కంప్యూటరు ఏమంటోందండి?"

"పాత ప్యాకేజీలు తీసెయ్యమంటారా అంటోందమ్మా."

"తీసెయ్యండి."

"అన్నీనా?"

"అన్నీనండి. పాతవి ఉంటే కొత్తవాటికి చోటెక్కడిది?"

"ఓనరుగారికి ఓ మాట చెప్పొద్దా అమ్మా?"

"ఎవర్నీ అడగక్కర్లేదండీ, మీరు రూట్!" అన్నాను దర్జాగా. (రూట్ అంటే ఆ కంప్యూటర్లో సర్వాధికారాలూ ఉన్నవాడు. ఆయనకేం అర్థమైందో ఇప్పటికీ తెలీదు.)

"అలాగేనమ్మా."

కాఫీ తాగొచ్చి మళ్లీ ఫోన్ చేశాను, అయిందా అని.

"ఇంకా ఎక్కడమ్మా! కింది గదే సగమైంది. ముఠా కూలీలు మోస్తానే ఉన్నారు."

ముఠావాళ్లు మోయడమేమిటి? అప్పుడు వెలిగింది. లారీ రశీదుల మీద మిర్చి బస్తాల్ని, అంటే టిక్కీల్ని, 'ప్యాకేజీలు' అనే రాస్తారు. ఈయన నిరుటి టిక్కీలన్నీ బయటికి తీయిస్తున్నారు! చలిలోంచి తీసిన కాయకు చెమ్మ పట్టిందంటే రంగు పోతుంది. అదంతా రైతుల సరుకు. ఫోన్లో చెబితే మళ్లీ ఏమర్థమవుతుందోనని, దొరికిన ఆటో ఎక్కాను.

"లోపల పెట్టేయండి బాబూ!" అని ఆటో దిగుతూనే తుమ్ముకీ తుమ్ముకీ మధ్య అరిచాను. "తియ్యమంది కంప్యూటరంటగా! పెట్టమంటంది కూడా కంప్యూటరేనా?" అన్నాడు ముఠా మేస్త్రి. అయినా మోశారు పాపం. చివరి వరస లోపలికెళ్తుండగా ఓనరుగారు రానే వచ్చారు.

"ఏందయ్యా ఇది?"

మేనేజరుగారు నా వైపు చూడనైనా లేదు. "అడుగు వరసకి చెమ్మ పట్టిందేమోనని తీయించి చూశానండి. బానే ఉంది."

"చెప్పి చెయ్యొద్దూ? బుద్ధుందా?"

"తప్పైందండి."

నేనే చెప్పానని అందామనుకున్నాను. నోరు తెరిస్తే తుమ్మే వచ్చింది. కళ్లు కారాయి. అందరూ మిర్చి ఘాటనుకున్నారు.

లోపల కంప్యూటరు ఆ ప్రశ్న దగ్గరే, అవునంటే వై, కాదంటే ఎన్ అంటూ ఆగి ఉంది. "వై నొక్కండి, చాలు" అన్నాను మెల్లిగా. "ఇంతేనా అమ్మా!" అని నొక్కేశారాయన. నా ఉద్యోగం పర్మినెంటయింది.

ఇప్పుడు ఒక్క ఆజ్ఞతో ఎన్నో ఊళ్ల కంప్యూటర్లకు ప్యాకేజీలు మారుస్తాను. 'అన్నీనా అమ్మా?' అని అడిగేవాళ్లు లేరు. తెరమీద ఆ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం, "అలాగేనమ్మా" అని గొణుక్కుని గానీ వై నొక్కను. పక్క సీటు పిల్లలు నవ్వుతారు. ఒక్కోసారి ఏసీ గదిలో తుమ్ము కూడా వస్తుంది.