బతుకమ్మలా పేర్చిన బోల్టులు

2016 అక్టోబరులో నేను పాలమూరు వైపు ఒక జిల్లా కేంద్రంలో సాయుధ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా ఉన్నాను. ఆర్మరర్ పని తుపాకులను కాల్చడం కాదు, బాగుచేయడం. హోదా ఏఆర్ ఎస్సై. నా పైన రిజర్వు ఇన్‌స్పెక్టర్, ఆయనను అందరూ ఆర్ఐ సారు అనేవారు. నా కింద హెడ్ కానిస్టేబుల్ యాదగిరి. ఆయుధాలు దాచే గదిని మేము కోత్ అంటాము. దాని తాళాలు అతని దగ్గర ఉండేవి. జిల్లా పేరు రాయను. అప్పటి వాళ్లలో కొందరు ఇంకా కొలువులో ఉన్నారు.

ఆ దసరా నాడే కొత్త జిల్లాలు మొదలయ్యాయి. మా నుంచి విడిపోయిన జిల్లాకు జీపులు, కుర్చీలు, ఫైళ్లు పంచినట్టే ఆయుధాలూ పంచాలి. పండుగ మరునాడే రైఫిళ్లు లారీకెక్కాలని ఉత్తర్వు వచ్చింది. ఏవి పంపాలో ఎంచే పని నాకు పడింది.

ఆ పని నాకు ఇష్టమైంది. మాది రామన్నపేట దగ్గర నేత కుటుంబం. నా చదువు ఐటీఐ ఫిట్టర్‌తో ఆగింది. మిగతాదంతా బదిలీ అయిన ప్రతి ఊళ్లో శాఖా గ్రంథాలయంలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నదే. యుద్ధ చరిత్రలు చదువుతుంటే వీరుల కంటే కార్ఖానాలే నన్ను ఎక్కువ పట్టుకునేవి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు మొదట్లో తుపాకీ భాగాలను గడియారం చేసినట్టు చెక్కారు. ఇంగ్లండు వాళ్లు కొన్నాళ్లకే రేకును అచ్చుల్లో నొక్కి, గొట్టాలకు అతికించి, చిన్న చిన్న వర్క్‌షాపుల్లో కూడా తుపాకులు చేయించారు. రష్యన్ల తుపాకీ పైకి గరుకుగా ఉన్నా గొట్టం లోపల తుప్పు పట్టకుండా, అరగకుండా క్రోమియం పూత ఉండేది. బయట అంత మొరటుగా వదిలేసినవాళ్లు కంటికి కనబడని చోట ఎందుకు ఖర్చు పెట్టారన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. తొందరలో చేసినది తక్కువదే అని అప్పటి నా లెక్క.

మా కోత్‌లో పాత పాయింట్ త్రీనాట్‌త్రీ రైఫిళ్లు రెండు రకాలు ఉండేవి. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధం నాటి నమూనా. కర్ర నునుపుగా, ఇనుము నిగనిగలాడుతూ ఉండేది. రెండోది రెండో ప్రపంచ యుద్ధంలో వేగంగా చేయడానికి మార్చిన నమూనా. దాని మీద ఆకురాయి గీతలు కూడా కనబడేవి. కొత్త జిల్లాకు నునుపైనవే పంపాలనుకున్నాను. విడిపోయేటప్పుడు మంచి సామాను ఇచ్చారన్న పేరన్నా ఉంటుంది.

పండుగ ముందు రోజు ఆయుధ పూజ జరిగింది. ప్రతి ఏడూ తుపాకులను వరుసగా నిలిపి బొట్లు పెట్టేవాళ్లం. ఆ ఏడు ఇక జిల్లా ఒకటిగా ఉండదని కుర్రాళ్లు కొత్తగా ఏదైనా చేయాలనుకున్నారు. అప్పుడే సద్దుల బతుకమ్మ అయిపోయింది. యాదగిరి రైఫిళ్ల బోల్టులు విప్పించి, ఇత్తడి తాంబాళంలో వరుస మీద వరుస గుండ్రంగా పేర్చి, పైన గుమ్మడి పువ్వు పెట్టాడు. బోల్టు అంటే తూటాను గొట్టంలోకి తోసి, వెనక నుంచి తలుపులా మూసే ఉక్కు భాగం. నిజంగా అందంగా ఉంది. ఆర్ఐ సారు కొబ్బరికాయ కొట్టి, పక్కన నిలబడి ఫొటో దిగారు. నేను కూడా దిగాను.

పండుగ మరునాడు పొద్దున లారీ వచ్చి నిలబడింది. ఎక్కించే ముందు ఒక రైఫిల్ చేతిలోకి తీసుకున్నాను. బోల్టు పిడి మీద ఎండిన పసుపు ఉంది. గోరుతో గీకితే నెంబరు బయటపడింది. అది రైఫిల్ మీది నెంబరు కాదు. ఇంకోటి చూశాను. అదీ కాదు. బతుకమ్మను విప్పినవాళ్లు చేతికొచ్చిన బోల్టును చేతికొచ్చిన రైఫిల్‌కు బిగించేశారు.

యాదగిరి నా చేతిలోని రైఫిల్ బోల్టును ముందుకు తోసి చూశాడు. "అన్నా, బోల్టు మంచిగనే కూసుంటాంది గదా," అన్నాడు మెల్లగా.

ఆర్ఐ సారు మాట కూడా అదే. "ఏమయ్యా లైబ్రరీ, గింత దానికి లారీ ఆపుతవా? లోపటికి పోతాంది, బయటికొస్తాంది, ఇంకేం గావాలె?"

"సార్, మూసుకునుడు వేరు, బిగువుగ మూసుకునుడు వేరు. బోల్టుకు తూటాకు నడుమ సందు ఎక్కువుంటే తూటా ఇత్తడి తొడుగు చీలి, మంట వెనుకకు కొడ్తది. కాల్చేటోని కన్ను పోతది," అన్నాను.

"కన్ను నీది గాదు గదా అని గట్ల నిమ్మళంగ చెప్తున్నవా?" అని కసిరారు. కానీ లారీ ఇంజను ఆపమని డ్రైవరుకు సైగ చేశారు.

రైఫిళ్లన్నీ మళ్లీ బారుగా పరిచాం. కిరోసిన్ గుడ్డతో పసుపు తుడిచి నెంబర్లు కలుపుతూ పోతే మొరటువాటికి చాలావరకు జతలు దొరికాయి. నునుపైనవాటిలో చాలావాటి నెంబర్లు, మొరటువాటిలో కొన్నిటివి, ఏళ్ల తరబడి రుద్ది అరిగిపోయాయి. వాటికి గేజులు తీశాను. గేజు తూటా వెనుక భాగం ఆకారంలో ఉండే ఉక్కు బిళ్ల. ఒకటి పెడితే బోల్టు మూసుకోవాలి. దానికంటే కొంచెం మందమైన రెండోది పెడితే మూసుకోకూడదు. రెండోదాని మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్ పనికిరాదు.

నేను ఎంచి పెట్టిన నునుపైన రైఫిళ్లు వరుసగా తప్పాయి. వాటిని ఒక్కోదాన్ని ఒక పనివాడు కూర్చుని, దాని బోల్టును దానికే ఒరిపిడి పట్టించి చేశాడు. జత చెడితే మళ్లీ అలాంటి చెయ్యి కావాలి. మొరటు రైఫిళ్లలో కూడా కొన్ని మొదట తప్పాయి. కానీ వాటి బోల్టు కొసన ఉండే తల, మర తిప్పి ఊడదీయగలిగే విడి ముక్క. అది నాలుగు కొలతల్లో దొరుకుతుంది. ఒకటి తీసి దాని పై కొలతది బిగిస్తే గేజు ఒప్పుకుంది. బోల్టు ఆనే చోట్లు రెండు పక్కలా సమంగా ఆనుతున్నాయా అని సిరా పూసి చూశాను. ఆనుతున్నాయి.

గేజు చేతిలో పట్టుకుని కాసేపు అట్లనే నిలబడిపోయాను. ఆ నమూనా గీసినవాడికి దాన్ని చేసేది ఆరితేరిన పనివాళ్లు కాదని ముందే తెలుసు. నిన్నటిదాకా ఇంకేదో పని చేసినవాళ్లు యుద్ధం వచ్చి యంత్రాల ముందు నిలబడతారు. కాబట్టి చేతిలో ఉండాల్సిన నేర్పును తెచ్చి కొలతలో పెట్టాడు. మా బాపు మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఎవరిదైనా నడిచేది. తొక్కుడు పలకల తాళ్లు మాత్రం ఎవరి కాలికి వాళ్లే కట్టుకోవాలి. ఏది ఎవరికైనా సరిపోవాలి, ఏది ఒక్కరికే కుదరాలి అన్నది ముందే తేల్చుకోవాలి. రష్యన్ల గొట్టంలో క్రోమియం ఎందుకుందో అక్కడ అర్థమైంది. వాళ్లు నాణ్యత తగ్గించలేదు, దాన్ని ఎక్కడ ఉంచాలో ఎంచుకున్నారు.

"లైబ్రరీ, నిలబడి నిద్ర పోతున్నవా?" అని ఆర్ఐ సారు కేక వేస్తే మళ్లీ పనిలో పడ్డాను.

లారీ ఎక్కినవి దాదాపు అన్నీ మొరటు రైఫిళ్లే. గేజు తప్పిన నునుపువి పక్కన పెట్టాం, వాటిని వర్క్‌షాపుకు పంపాలి. దాంతో కొత్త జిల్లా వాటా తగ్గింది. ఎందుకు తగ్గిందో నేను రిపోర్టు రాయాలి. ఆయుధాల నిర్లక్ష్యం అన్న మాట దస్త్రానికి ఎక్కితే సస్పెన్షన్ దాకా పోవచ్చు. యాదగిరి ఏఎస్సై ప్రమోషన్ కాగితాలు అప్పుడే పై ఆఫీసులో ఉన్నాయి.

అతను కోత్ గడప మీద కూర్చున్నాడు. "అన్నా, నా పేరు రాస్తే నా కథ ఒడిసినట్టే. ఎలుకలు కొరికినయని రాయరాదే," అన్నాడు.

"ఉక్కును కొరికే ఎలుకలు ఏడున్నయిరా?" అన్నాను. నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు.

జరిగింది జరిగినట్టే రాశాను. పూజకు బోల్టులు విప్పడం అందరి సమ్మతితో, అధికారుల ఎదుట జరిగిందని, తిరిగి బిగించేటప్పుడు నెంబర్లు సరిచూడలేదని రాశాను. యాదగిరి పేరు ఉంది, నా పేరూ ఉంది. ఆర్ఐ సారు చదివి కాగితాన్ని తిరిగి నా ముందుకు తోశారు.

"అధికారులు అన్నవు. ఏ అధికారులో రాయలే," అన్నారు.

"మీరు చెప్తే రాస్త, సార్."

పెన్ను తీసుకుని తన హోదా తానే రాసి, కింద సంతకం పెట్టారు. "కొబ్బరికాయ కొట్టింది నేను. ప్రసాదం తిన్నంక పూజారిని ఒక్కన్నే పట్టియ్యొద్దు," అన్నారు యాదగిరి పేరు చూపిస్తూ.

ముగ్గురికీ మెమోలు వచ్చాయి, ముగ్గురం జవాబులు ఇచ్చాం. యాదగిరి ప్రమోషన్ ఆ విడతలో రాలేదు, తరువాతి విడతలో వచ్చింది. రైఫిళ్లు అందుకున్న కొత్త జిల్లా ఇన్‌స్పెక్టరు మాత్రం పాత జిల్లా వాళ్లు మొరటు సామాను అంటగట్టారని ఎన్నాళ్లో చెప్పుకున్నాడట. ఆ రైఫిళ్లతోనే వాళ్ల కానిస్టేబుళ్లు వార్షిక ఫైరింగ్ పూర్తి చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫలానా సైన్యం తుపాకీ గొప్పదా, ఫలానాది గొప్పదా అని లైబ్రరీలో పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతారు. దూరం, వేగం, బరువు అన్నీ చెప్తాను. ఆ తర్వాత, అది ఎవరి చేతుల్లో తయారైంది, ఆ చెయ్యి పొరపాటు చేస్తే తుపాకీ ఎంతవరకు ఓర్చుకుంటుంది అని చూడమంటాను. యుద్ధంలో ఉన్న దేశానికి పొరపాటు చేయని మనుషుల కోసం ఎదురుచూసే తీరిక ఉండదు. పొరపాటును కూడా కొలిచి, దానికి తుపాకీలో జాగా ఉంచిన సైన్యమే ఎక్కువకాలం కాల్చగలిగింది.