జ్ఞానమ్మ చూపుడువేలు

తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో పదిపదిహేను రోజులు ఊరబెడితే పల్చటి కషాయంలాంటి నీళ్ళు దిగుతాయి. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడ్డాక గానీ అవి నల్లబడవు. పెడనలో ఒక అద్దకం షెడ్డులో జ్ఞానమ్మ పని అదే. కరక్కాయ పట్టించేదీ, నలుపు కలిపేదీ తనే కనుక గుడ్డ కంటే ముందు ఆమె చేతులే నల్లబడేవి. ఇలాంటి గుడ్డలు ఒకప్పుడు బందరు రేవులో ఓడలెక్కి పారశీకం దాకా వెళ్ళాయంటారు. అక్కడ ఏ రాణివాసంలోనో వాటిని కప్పుకుని నిద్రపోయి ఉంటారు. ఇక్కడ మాత్రం పెళ్ళి భోజనాల దగ్గర ఆ చేతుల్ని చూసి విస్తరి కాస్త దూరంగా వేసేవాళ్ళున్నారు. పేరూ పేటా అడిగి ఇంకాస్త దూరం జరిపేవాళ్ళూ ఉన్నారు.

ఆమె పుట్టింది దివిసీమలో, సముద్రం ఒడ్డు పల్లెలో. తండ్రి దానియేలు పాలేరు. డెబ్బై ఏడు మార్చి ఎన్నికలకు పన్నెండేళ్ళ జ్ఞానమ్మ ఓట్లు వేసే బడి దాకా తండ్రి వెంట నడిచింది. గుమ్మంలో ఆసామి మనుషులు ఆపారు. "మీ పేట ఓట్లన్నీ మేమే వేసేశాంలే దానియేలూ, చేనికి నీళ్ళు పెట్టుకో పో" అన్నారు. ఆయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆయనకు ఇంకో ఎన్నిక మిగల్లేదు.

జ్ఞానమ్మ కలల్లో తండ్రి ఇప్పటికీ ఓటు వరసలోనే ఉంటాడు. మోకాటిలోతు నీళ్ళు, కాళ్ళ చుట్టూ తిరిగే రొయ్యపిల్లలు. వరస కదలదు. ఆయన విసుక్కోడు కూడా. అందుకని ఆమె ఇంతవరకూ ఒక్క ఓటూ పోగొట్టుకోలేదు. రెండేళ్ళ కిందటి దాకా షెడ్డులో ఆమెది ఉతుకు పని. కాలవలో నాని నాని వేళ్ళు తెల్లగా ఉండేవి. నలుపు పని చేతికొచ్చాక ఇదే మొదటి ఎన్నిక.

మే నెల సాయంత్రం, పోలింగు ముగిసే వేళ దగ్గరపడింది. జ్ఞానమ్మ బల్ల మీద చెయ్యి పెట్టగానే శివరామయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఆయన ఒక పార్టీకి ఏజెంటు.

"మేడమ్ గారూ, వేలు చూశారా? ఓటేసి వచ్చింది."

"షెడ్డు నలుపండీ అది," అంది జ్ఞానమ్మ. "పది వేళ్ళూ అలాగే ఉన్నాయి కదండీ."

"పది ఓట్లు వేసిందేమో కనుక్కోండి."

గదిలో నలుగురూ నవ్వారు. పోలింగు అధికారిణి నవ్వలేదు. వేలు అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని కింద సిరా ఉందో లేదో నాకెలా తెలుస్తుందమ్మా? ఇంటికెళ్ళి కడుక్కుని రండి."

"సబ్బుకి పోదండీ."

"అయితే నేనేం చెయ్యను? ఇంటికెళ్ళండి."

ఇంటికి అన్న మాట దగ్గర గది మెల్లగా నీళ్ళతో నిండుతున్నట్టు అనిపించింది జ్ఞానమ్మకు. బల్ల కాళ్ళు మునిగాయి. శివరామయ్య పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినపడటం లేదు. ఆమె కదల్లేదు.

"పిన్నీ, మన షెడ్డు నలుపు నిమ్మకాయకి పోద్దిగా!" గుమ్మంలోంచి హమీదా. అదే షెడ్డులో ఎర్ర అచ్చులు వేస్తుంది. పొద్దున్నే ఓటేసి, ఇప్పుడు ఈమెకు తోడొచ్చింది.

"చూశారా? కళ్ళెదుటే చెరుపుతారట," అన్నాడు శివరామయ్య.

"నా వేలు కూడా పెడతాను మావయ్యగారూ. ఇది పొద్దున ఇక్కడ పెట్టిన సిరాయేగా. నాదీ పోతే ఇద్దర్నీ పోలీసులకి అప్పజెప్పండి."

అధికారిణి గడియారం చూసుకుంది. "తెండి," అంది.

బయట సోడాబండి నుంచి రెండు నిమ్మచెక్కలు వచ్చాయి. ఇద్దరూ బల్ల పక్కన నిలబడి చూపుడువేళ్ళు రుద్దుకున్నారు. జ్ఞానమ్మ వేలి నలుపు ముందు గోధుమరంగుకు దిగింది, తరవాత కాలవ మీద మంచు విడిపోయినట్టు గోరు దగ్గర నుంచి పల్చబడుతూ పోయింది. తన గోరు ఏ రంగులో ఉంటుందో ఆమె మరిచిపోయి రెండేళ్ళయింది. హమీదా గీత మాత్రం చెక్కు చెదరలేదు.

"ఇంకా గట్టిగా రుద్దమంటారా మావయ్యగారూ?" అంది హమీదా. శివరామయ్య కాగితాలు సర్దుకున్నాడు.

అధికారిణి ఆ వేలు పట్టుకుని తనే సిరా గీసింది. చల్లగా తగిలింది.

అట్టల చాటుకు వెళ్ళి జ్ఞానమ్మ మీట నొక్కింది. పక్కన అద్దం వెనక తను వేసిన గుర్తుతో చిన్న కాగితం వెలిగి, కాసేపు నిలిచి, తెగి, లోపలి చీకట్లోకి జారింది. మిషను పొడుగ్గా మోగి ఆగింది. ఆమె ఇంకా అద్దంలోకే చూస్తూ ఉంది.

"అయిపోయింది కదమ్మా, రా," అన్నాడు శివరామయ్య.

"వస్తానండీ," అంది జ్ఞానమ్మ, "తొందరేముంది."